‘లుక్ ఫార్వర్డ్ టు’ పక్కన ఏ మాట ఇముడుతుంది, ఎక్కడ ఇముడుతుంది

ఉద్యోగానికి అప్లై చేసినా, విదేశీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టినా, క్లయింట్‌తో మీటింగ్ ఖాయం చేసుకున్నా చివర్లో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’. ఇంగ్లీషులో రోజూ మెయిల్స్ రాసేవాళ్లకి ఇది చేతికి అలవాటైపోయిన వాక్యం. దాన్ని కాస్త బలంగా చెప్పాలనుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. మనసులో ఉన్నది ‘చాలా ఎదురుచూస్తున్నాను’. ‘చాలా’ అంటే ‘వెరీ’ అని చిన్నప్పుడే నేర్చుకున్నాం కాబట్టి ‘ఐ యామ్ వెరీ లుకింగ్ ఫార్వర్డ్’ అని రాయబోతాం. ఏదో తేడాగా ఉందనిపించి ‘వెరీ మచ్ లుకింగ్ ఫార్వర్డ్’ అనో, ‘హైలీ లుకింగ్ ఫార్వర్డ్’ అనో, ‘లుకింగ్ వెరీ మచ్ ఫార్వర్డ్’ అనో మారుస్తాం. ఈ మూడింటిలో మొదటిది నిక్షేపంగా ఉంది. రెండోది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు అనరు. మూడోది యూరప్‌లో వేరే భాషలవాళ్లు మాట్లాడే ఇంగ్లీషులా వినిపిస్తుంది. క్రియావిశేషణం అంటే క్రియ గురించి అదనంగా చెప్పే పదం అని బడిలో చదువుకున్న నిర్వచనం ఒక్కటే చేతిలో ఉంటే, ఈ మూడింటికీ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా తేలదు.

తేలాలంటే రెండు సంగతులు విడివిడిగా చూడాలి. ఆ పదం వాక్యంలో ఏ చోట నిలబడుతుందన్నది ఒకటి. ఏ క్రియతో ఏ పదానికి జత కుదురుతుందన్నది రెండోది. మొదటిదానికి కొంతవరకు నియమాలున్నాయి. రెండోది చాలావరకు వాడుక, అలవాటు. మన బడుల్లో మొదటిది అరకొరగా చెబుతారు, రెండోది దాదాపుగా చెప్పరు. పన్నెండేళ్లు ఇంగ్లీషు చదువుకున్న పిల్లలు కూడా ఒక మెయిల్ రాయడానికి టెన్షన్ పడుతున్నారంటే అందులో ఈ లోటు పాలు చాలా ఉంది.

ముందు ఈ మాట ఎలా కట్టి ఉందో చూద్దాం. ‘లుక్’ క్రియ. ‘ఫార్వర్డ్’ అనేది ముందుకు అని దిక్కు చెప్పే పదం. ‘టు’ ప్రిపొజిషన్. మూడూ కలిసి ఒక్క క్రియలా పనిచేస్తాయి. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి రాసిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో ఇలాంటి కూర్పులకు ‘ఫ్రేజల్ ప్రిపొజిషనల్ వెర్బ్’ అనే పేరు కనిపిస్తుంది. ‘పుట్ అప్ విత్’, ‘కమ్ అప్ విత్’, ‘గెట్ అవే విత్’ కూడా ఈ కుటుంబానివే. ఇక్కడి ‘టు’, ‘ఐ వాంట్ టు గో’లో వచ్చే ‘టు’ ఒకటి కాదు. దీని తర్వాత నామవాచకం రావాలి, లేదా నామవాచకంలా మారిన ‘ఇంగ్’ రూపం రావాలి. అందుకే ‘టు హియర్’ తప్పు, ‘టు హియరింగ్’ ఒప్పు. అనుమానం వస్తే అక్కడ ‘ఇట్’ పెట్టి చూడొచ్చు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ చక్కగా అతుకుతుంది. ‘ఐ వాంట్ టు ఇట్’ అతకదు.

తెలుగులో ‘ఎదురుచూడు’ కూడా ఇంచుమించు ఇలాగే కట్టిన మాట. ‘ఎదురు’ దిక్కు చెబుతుంది, ‘చూడు’ పని చెబుతుంది. కాకపోతే తెలుగులో ఆ రెండూ గట్టిగా అతుక్కుపోయాయి. ‘ఎంతో ఎదురుచూస్తున్నా’ అంటాం తప్ప ‘ఎదురు ఎంతో చూస్తున్నా’ అనం. ఎంతో, ఆత్రంగా, ఆశగా, ఏదైనా సరే మొత్తం మాటకు ముందే రావాలి. ఇంగ్లీషులో మాత్రం ఆ మూడు ముక్కల మధ్య సందులున్నాయి. క్రియావిశేషణాలు ఆ సందుల్లోకి కూడా వెళ్తాయి. తెలుగు అలవాటుతో మనం ఒక్క చోటే వెతుకుతాం కాబట్టి మిగతా చోట్లు మన కంటికి ఆనవు.

‘లుక్’కు ముందున్న చోటు అన్నిటికంటే సురక్షితమైనది. ‘ఐ రియల్లీ లుక్ ఫార్వర్డ్ టు’, ‘ఐ ఈగర్లీ లుక్ ఫార్వర్డ్ టు’, ‘ఐ ఆల్వేస్ లుక్ ఫార్వర్డ్ టు’ అన్నీ బాగున్నాయి. సహాయక క్రియ ఉంటే దాని తర్వాత వస్తుంది: ‘ఐ యామ్ రియల్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు’, ‘వుయ్ ఆర్ స్టిల్ లుకింగ్ ఫార్వర్డ్ టు’, ‘దే ఆర్ ఆల్రెడీ లుకింగ్ ఫార్వర్డ్ టు నెక్స్ట్ ఇయర్’. ‘ఆల్వేస్’, ‘స్టిల్’, ‘ఆల్రెడీ’, ‘ఆల్సో’ లాంటివాటికి ఇదే సహజమైన స్థానం, వాటి గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు.

‘లుక్’కీ ‘ఫార్వర్డ్’కీ మధ్య సందు ఇరుకు. ‘లుక్ ఈగర్లీ ఫార్వర్డ్ టు’ అనే వాడుక రచనల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది, తప్పు కాదు. ‘లుక్ వెరీ మచ్ ఫార్వర్డ్ టు’ మాత్రం ఇంగ్లీషు చెవికి కొత్తగా తగులుతుంది. డెన్మార్క్, నార్వే దేశాలవాళ్ల ఇంగ్లీషులో ఇది తరచూ వినిపిస్తుంది. వాళ్ల భాషల్లో ‘చూస్తాను, చాలా, ముందుకు’ అనే వరసే సహజం. ఆ వరసను అలాగే ఇంగ్లీషులోకి తెచ్చుకుంటారు. మాతృభాష ప్రభావం మన ఇంగ్లీషులోనే ఉంటుందని చిన్నబుచ్చుకునేవాళ్లు ఇది గమనించాలి. ప్రతి భాషవాళ్లూ తమ ఇంటి వరసను వెంట తెచ్చుకుంటారు. అమెరికాలో మాటల్లో ‘లుకింగ్ సో ఫార్వర్డ్ టు’ అనేవాళ్లూ ఉన్నారు కానీ, రాతలో దాన్ని చాలామంది ఒప్పుకోరు.

‘ఫార్వర్డ్’కీ ‘టు’కీ మధ్య చోటు మనవాళ్లు దాదాపుగా వాడనిది. నిజానికి మర్యాదగా రాసే ఉత్తరాల్లో అది అందమైన చోటు: ‘ఐ లుక్ ఫార్వర్డ్ వెరీ మచ్ టు మీటింగ్ యు’, ‘వుయ్ లుక్ ఫార్వర్డ్ ఈగర్లీ టు యువర్ విజిట్’, ‘ఐ లుక్ ఫార్వర్డ్ విత్ గ్రేట్ ప్లెజర్ టు ది ఈవెనింగ్’. ఒక్క పదం కాకుండా ‘విత్’తో మొదలయ్యే పదబంధం పెట్టాలంటే ఇంతకంటే అనువైన చోటు లేదు. దాన్నే ముందుకు తెచ్చి ‘ఐ విత్ గ్రేట్ ప్లెజర్ లుక్ ఫార్వర్డ్ టు’ అంటే వాక్యం నడక కుంటుపడుతుంది. అయితే ‘రియల్లీ’ ఈ సందులో ఇమడదు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ రియల్లీ టు’ అనరు. అర్థం దాదాపు ఒకటే అయినా ‘వెరీ మచ్’ కూర్చున్న ప్రతి చోటా ‘రియల్లీ’ కూర్చోలేదన్నమాట.

వాక్యం చివర చాలా పొరపాట్లు జరుగుతాయి. ‘టు’ తర్వాత వచ్చేది చిన్న మాటైతే ఇబ్బంది లేదు: ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్ వెరీ మచ్’. అదే ‘టు’ తర్వాత మరో క్రియ ఉంటే, చివరన పెట్టిన క్రియావిశేషణం దగ్గరున్న ఆ క్రియనే పట్టుకుంటుంది. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు ఈగర్లీ’ అని రాస్తే, రాసినవాళ్ల ఉద్దేశం ఆత్రంగా ఎదురుచూస్తున్నామని. చదివేవాళ్లకు మాత్రం ఆత్రంగా కలుస్తామని వినిపిస్తుంది. ‘రియల్లీ’ని చివర పెడితే ఇంకో రకం తేడా. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్, రియల్లీ’ అన్నప్పుడు అది బలం చెప్పదు, ‘నిజానికి’ అనో, ‘నిజం చెబుతున్నా, నమ్ము’ అనో అర్థం ఇస్తుంది. ఎదురుచూపు ఎంత ఉందన్నది పోయి, మాట నిజమా కాదా అన్నది మిగులుతుంది.

దీనికి అద్దం పట్టినట్టుండే మరో చోటు ‘టు’ తర్వాత ఉంది. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఫైనల్లీ మీటింగ్ యు’ అనే వాక్యం తీసుకోండి. ఎన్నాళ్లుగానో మెయిల్స్‌లోనే మాట్లాడుకున్న ఇద్దరు మొదటిసారి కలుసుకోబోతున్నప్పుడు ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు సహజంగా అనే మాట ఇది. ఇక్కడ ‘ఫైనల్లీ’ కలుసుకోవడానికి చెందింది, ఎదురుచూడటానికి కాదు. దాన్ని ముందుకు జరిపి ‘ఐ యామ్ ఫైనల్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’ అంటే, ఇన్నాళ్లూ ఇష్టం లేదు, ఇప్పటికి ఇష్టం పుట్టిందని అర్థం వస్తుంది. మర్యాదగా అనబోయిన మాట అవమానంగా మారిపోతుంది. ‘సూన్’ విషయమూ ఇంతే. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యు సూన్’లో ‘సూన్’ చూడటానికి చెందుతుంది కాబట్టి చివరన సరిగ్గా కూర్చుంది. ‘సూన్ లుకింగ్ ఫార్వర్డ్’ అంటే త్వరలో ఎదురుచూడటం మొదలుపెడతామని చెప్పినట్టు.

‘చాలా’ దగ్గరికి వద్దాం. తెలుగులో ‘చాలా’కు అడ్డు లేదు. చాలా పెద్దది, చాలా మెల్లగా, చాలా ఇష్టపడ్డాను, చాలా ఏడ్చింది, చాలామంది వచ్చారు. అన్నిటికీ అదే మాట. ఇంగ్లీషులో ఆ పనిని ‘వెరీ’, ‘మచ్’, ‘మెనీ’, ‘ఎ లాట్’ పంచుకున్నాయి. ‘వెరీ’ విశేషణాల ముందు, ఇతర క్రియావిశేషణాల ముందు వస్తుంది తప్ప నేరుగా క్రియ ముందు రాదు. ‘వెరీ హ్యాపీ’, ‘వెరీ స్లోలీ’ అనొచ్చు, ‘వెరీ లైక్’, ‘వెరీ వెయిట్’ అనకూడదు. మరి ‘ఫార్వర్డ్’ కూడా క్రియావిశేషణమే కదా, దాని ముందు ‘వెరీ’ ఎందుకు రాదు అనే ప్రశ్న వస్తే అది మంచి ప్రశ్నే. ‘స్లోలీ’కి ఎక్కువ తక్కువలుంటాయి. ఇక్కడి ‘ఫార్వర్డ్’ దిక్కు మాత్రమే చెబుతుంది, దిక్కుకు చాలా, కొంచెం ఉండవు. ‘వెరీ ఫార్వర్డ్’ అనే మాట ఉంది కానీ దాని అర్థం వేరు, చనువు మరీ ఎక్కువగా తీసుకునే మనిషి గురించి అంటారు.

‘వెరీ’ పక్కన ‘మచ్’ చేరితే దారి తెరుచుకుంటుంది. ‘వెరీ మచ్’ క్రియకు ముందూ, ‘ఫార్వర్డ్’ తర్వాతా, చిన్న వాక్యం చివరా ఇమిడిపోతుంది. ‘మచ్’ ఒంటరిగా ఉంటే మాత్రం ఎక్కడ పడితే అక్కడ రాదు. ‘ఐ లైక్ ఇట్ మచ్’ అనరు, ‘ఐ డోంట్ లైక్ ఇట్ మచ్’ అంటారు. కాదు, లేదు అనే వాక్యాల్లో దానికి స్వేచ్ఛ ఎక్కువ. అవునని చెప్పే వాక్యాల్లో క్రియకు ముందు వచ్చినా, కొన్ని క్రియలతోనే వస్తుంది: ‘మచ్ ప్రిఫర్’, ‘మచ్ అడ్మైర్’, ‘మచ్ అప్రీషియేట్’, ‘మచ్ రిగ్రెట్’. ‘ఐ మచ్ లుక్ ఫార్వర్డ్ టు’ కూడా ఈ వరసలో చెల్లుతుంది, కాకపోతే పాత మర్యాదల వాసన వేస్తుంది. ఉత్తరంలో బాగుంటుంది, మాటల్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. దానికి పూర్తిగా అవతలి కొసన ‘సో’ ఉంది. ‘ఐ యామ్ సో లుకింగ్ ఫార్వర్డ్ టు దిస్’ అని స్నేహితుల మధ్య హాయిగా అనుకుంటారు, ఆఫీసు ఉత్తరంలో రాయరు.

ఒక చిన్న సంగతి. ‘వెరీ’ అనే మాట పాత ఫ్రెంచ్‌లో ‘నిజమైన’ అని అర్థమున్న పదం నుంచి వచ్చింది. ‘రియల్లీ’ కూడా నిజం చుట్టూ పుట్టిందే. తెలుగులో ‘నిజంగా బాగుంది’ అన్నప్పుడు ఆ ‘నిజంగా’ చేసేదీ ‘చాలా’ చేసే పనే.

ఇప్పుడు జతల సంగతి. ‘హైలీ’కి నిఘంటువులో అర్థం ‘ఎక్కువగా’. ‘డీప్లీ’కి లోతుగా, ‘స్ట్రాంగ్లీ’కి బలంగా, ‘బ్యాడ్లీ’కి విపరీతంగా. అర్థాల ప్రకారం చూస్తే అన్నీ ‘లుక్ ఫార్వర్డ్’ పక్కన ఇమడాలి. ఒక్కటీ ఇమడదు. ‘హైలీ’కి ‘రికమెండ్’ కావాలి. ‘డీప్లీ’కి ‘రిగ్రెట్’ కావాలి. ‘స్ట్రాంగ్లీ’కి ‘సజెస్ట్’, ‘ఒప్పోజ్’ కావాలి. ‘బ్యాడ్లీ’కి ‘నీడ్’ కావాలి. 1970లో సిడ్నీ గ్రీన్‌బామ్ ఈ జతల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఆయన పద్ధతి చాలా సులువైనది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకి ‘ఐ బ్యాడ్లీ’, ‘ఐ ఎంటైర్లీ’, ‘ఐ కంప్లీట్లీ’ అని వాక్యం మొదలుపెట్టి ఇచ్చి, మిగతాది పూర్తి చెయ్యమన్నారు. రాయడానికి వేల క్రియలున్నా, ‘బ్యాడ్లీ’ తర్వాత ‘నీడ్’, ‘వాంట్’ వచ్చాయి. ‘ఎంటైర్లీ’ తర్వాత ‘అగ్రీ’, ‘కంప్లీట్లీ’ తర్వాత ‘ఫర్గెట్’ ముందు నిలిచాయి. ‘ఎంటైర్లీ’ అన్నా ‘కంప్లీట్లీ’ అన్నా అర్థం ‘పూర్తిగా’నే. అయినా ఒకటి ఒప్పుకోవడం వైపు, ఇంకొకటి మరిచిపోవడం వైపు లాగాయి. ఇవి ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన జతలు కావు.

ఈ ఆలోచనకు ముందే పునాది వేసిన మనిషి బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫిర్త్. ఒక మాట ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందనే ఉద్దేశంతో ఆయన 1957లో రాసిన వాక్యం భాషాశాస్త్రంలో చాలా ప్రసిద్ధి. ఆయన 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా ఉన్నారు. తర్వాత గుజరాతీ, తెలుగు భాషలను కూడా పరిశీలించారు.

తెలుగులో ఈ సావాసం ఎంత బలమైందో మనం మాట్లాడేటప్పుడు గమనించం. గాఢంగా నిద్రపోతాం, లోతుగా నిద్రపోం. వాన కుండపోతగా కురుస్తుంది. ఓడిపోవడం ఘోరంగా, గెలవడం ఘనంగా. ఏడుపు వెక్కి వెక్కి, నవ్వు పకపకా. ఎదురుచూడటానికి అయితే తెలుగు ప్రత్యేకంగా సంపద కూడబెట్టింది: వెయ్యి కళ్లతో ఎదురుచూస్తాం, కళ్లలో ఒత్తులేసుకుని ఎదురుచూస్తాం, కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తాం. తెలుగు నేర్చుకునే ఒక విదేశీయుడు ‘వెయ్యి చెవులతో ఎదురుచూస్తున్నాను’ అంటే అర్థమవుతుంది, అయినా అది తెలుగు కాదు. ‘హైలీ లుకింగ్ ఫార్వర్డ్’ కూడా ఇంగ్లీషు చెవికి అచ్చం అలాగే తగులుతుంది.

‘లుక్ ఫార్వర్డ్ టు’ కోరుకునే సావాసం ఏమిటో చెప్పాలంటే ముందు దాని స్వభావం చెప్పాలి. తెలుగు ‘ఎదురుచూడు’ తటస్థంగా ఉంటుంది. బస్సు కోసం ఎదురుచూస్తాం, ఆపరేషన్ థియేటర్ బయట డాక్టర్ కోసం ఎదురుచూస్తాం, పండక్కి ఎదురుచూస్తాం. సంతోషం, భయం, విసుగు, ఏ భావమైనా అందులో ఒదుగుతుంది. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో ఇవాళ్టి వాడుకలో సంతోషం ముందే కలిసిపోయి ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషులో భయంతో ‘లుక్ ఫార్వర్డ్’ చెయ్యడం అనే ప్రయోగం మామూలుగానే ఉండేది. ఇప్పుడు అలా అంటే విడ్డూరంగా వినిపిస్తుంది. కాబట్టి దీని పక్కన ‘ఈగర్లీ’, ‘కీన్లీ’, ‘గ్రేట్లీ’ ఇముడుతాయి. బ్రిటన్‌లో ‘హ్యూజ్లీ’ కూడా వినిపిస్తుంది. ‘నర్వస్లీ’ ఇమడదు. ‘పేషెంట్లీ’ కూడా ఇమడదు, ఓపిక పట్టాల్సింది నిరీక్షణకు గానీ సంతోషానికి కాదు. అది ‘వెయిట్’ పక్కకు పోతుంది: ‘పేషెంట్లీ వెయిటింగ్’. ‘యాంగ్షస్లీ’ని మన దగ్గర ‘ఆత్రంగా’ అనే అర్థంలో వాడేస్తుంటాం. ఇంగ్లీషులో అందులో దిగులు పాలు ఎక్కువ. ‘ఐ యామ్ యాంగ్షస్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు ది ఇంటర్వ్యూ’ అని రాస్తే, సంతోషంగా ఉన్నారో కంగారు పడుతున్నారో అవతలివాళ్లకు పాలుపోదు. ‘కైండ్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ అనేది మన ఆఫీసు మెయిల్స్‌లో కనిపించే మరో జత. ‘కైండ్లీ’ అవతలివాళ్లను దయచేసి ఒక పని చెయ్యమని అడిగే మాట. ఎదురుచూస్తున్నది మనం. మన పనికి మనమే దయ చూపించుకున్నట్టు అవుతుంది.

మనకు బాగా అలవాటైన ‘ఈగర్లీ వెయిటింగ్’ సంగతి కూడా చెప్పుకోవాలి. కొత్త సినిమా టీజర్ కింద ‘ఈగర్లీ వెయిటింగ్ అన్నా’ అనే కామెంట్ లేకుండా ఉండదు. ఇది ఇప్పుడు సగం తెలుగు మాటే. ‘ఆత్రంగా ఎదురుచూస్తున్నాం’ అనేదాన్ని నేరుగా ఇంగ్లీషులో చెప్పినప్పుడు వచ్చేది ఇదే. ఇందులో వ్యాకరణ దోషమేమీ లేదు, ఇంగ్లీషు దేశాలవాళ్లూ అంటారు. తేడా ఒత్తిడిలో ఉంది. ‘ఈగర్లీ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై’ అని ప్రొఫెసర్‌కి రాస్తే, మీరు జవాబిచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాననే ధ్వని వస్తుంది. ‘లుక్ ఫార్వర్డ్’లో ఆ బలవంతం లేదు. జవాబు వస్తే ఆనందిస్తాననే భావం మాత్రమే ఉంది. అభిమాన హీరో సినిమాకి మొదటిది సరిపోతుంది, అడ్మిషన్ మెయిల్‌కి రెండోది సరిపోతుంది.

కాదనే వాక్యాల్లో క్రియావిశేషణం చోటు మారితే మాట తీవ్రతే మారిపోతుంది. ‘ఐ యామ్ నాట్ రియల్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ అంటే ‘పెద్దగా ఆసక్తి లేదు’ అని. మెత్తని మాట. ‘ఐ యామ్ రియల్లీ నాట్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ అంటే ‘నాకు అస్సలు ఇష్టం లేదు’ అని. పదాలు అవే, వరస మాత్రమే మారింది. ‘నాట్’ ముందుంటే అది ‘రియల్లీ’ని తుంచేస్తుంది: ‘అంతగా కాదు’. ‘రియల్లీ’ ముందుంటే అది ‘నాట్’కు బలం పోస్తుంది: ‘నిజంగానే కాదు’. తెలుగులో ఈ పనికి మనం మాటనే మార్చేస్తాం, ఒక చోట ‘పెద్దగా’, ఇంకో చోట ‘అస్సలు’. అందుకే ఇంగ్లీషులో వరస ఒక్కటే మారినప్పుడు మన చెవికి తేడా ఆనదు. విదేశీ టీమ్‌తో కాల్స్‌లో ఉండేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే సంగతి. ఒక బ్రిటిష్ సహోద్యోగి ‘ఐ యామ్ నాట్ పర్టిక్యులర్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు దట్ మీటింగ్’ అన్నా, ‘నాట్ ఎగ్జాక్ట్లీ లుకింగ్ ఫార్వర్డ్’ అన్నా, పైకి మెత్తగా ఉంటుంది. లోపల మాత్రం అయిష్టం గట్టిగానే ఉండొచ్చు. అక్కడ మాటను తగ్గించి చెప్పడం మర్యాద. ‘పర్టిక్యులర్లీ’, ‘ఎగ్జాక్ట్లీ’ అవునని చెప్పే వాక్యంలో ఒక పని చేస్తాయి, ‘నాట్’ తర్వాత పడగానే ఇలా వేరే పనికి దిగుతాయి.

కాలం రూపం కూడా ఈ జతలను కొంత నడిపిస్తుంది. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు’ నిటారుగా నిలబడి చెప్పే మాట, ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు’ దగ్గరికి జరిగి చెప్పే మాట. ‘రియల్లీ’, ‘సో’ రెండోదాని పక్కన హాయిగా ఉంటాయి. ‘మచ్’, ‘గ్రేట్లీ’ మొదటిదాని పక్కన బాగుంటాయి. కర్త లేకుండా ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ అని మొదలుపెడితే చనువు ఇంకొంచెం పెరుగుతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ‘సార్, ఐ యామ్ వెరీ ఈగర్లీ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు ఎట్ ది ఎర్లియెస్ట్’. మన విద్యార్థుల మెయిల్స్‌లో ఇలాంటి వాక్యం ఎన్నిసార్లు కనిపిస్తుందో చెప్పనక్కర్లేదు. ‘వెరీ ఈగర్లీ’లో వ్యాకరణం సరిగ్గానే ఉంది, ‘ఈగర్లీ’ని ‘వెరీ’ పొడిగించవచ్చు. కానీ సంతోషం ‘లుక్ ఫార్వర్డ్’లోనే ఉంది, దాని మీద ‘ఈగర్లీ’, మళ్లీ దాని మీద ‘వెరీ’ పేరిస్తే బతిమాలినట్టు అవుతుంది. ‘టు హియర్’ అనేది ‘టు హియరింగ్’ కావాలి. ‘ఎట్ ది ఎర్లియెస్ట్’ అంటే ఇంగ్లీషులో ‘అంతకంటే ముందు కాదు’ అని అర్థం. ‘మండే ఎట్ ది ఎర్లియెస్ట్’ అంటే సోమవారం కంటే ముందు కుదరదని. త్వరగా జవాబివ్వమని అడగబోయి దాదాపు తలకిందులైన మాట రాశారు. ‘ఐ వెరీ మచ్ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అంటే సరిపోతుంది. ఏ క్రియావిశేషణమూ లేకుండా ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అన్నా లోటేమీ లేదు, తెలియని మనిషికి రాసే మొదటి మెయిల్‌లో అదే మేలు.

ఏ జత నడుస్తుందో, ఏది నడవదో ఎవరికి వారు చూసుకోవడానికి ఇప్పుడు మంచి వసతి ఉంది. గూగుల్ 2010లో తెచ్చిన, పుస్తకాల్లో పదాల వాడుకను చూపించే ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో ఒక పదం స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి వెతకొచ్చు. ‘యామ్’ తర్వాత నక్షత్రం, దాని తర్వాత ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే, ఆ ఖాళీలో పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పది పదాలు వరసగా వస్తాయి. ఒక్కసారికి ఐదు పదాల దాకా వెతకొచ్చు కాబట్టి ఈ వాక్యం సరిగ్గా సరిపోతుంది. నక్షత్రాన్ని ‘ఫార్వర్డ్’కీ ‘టు’కీ మధ్యకు జరిపితే ఆ సందులో ఏవి కూర్చుంటాయో కనిపిస్తుంది. ఒక క్రియావిశేషణాల జాబితాను బట్టీ పట్టించడం కంటే తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇలా ఒక గంట వెతికించడం మేలు.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఎన్‌గ్రామ్ లెక్కపెట్టేది పుస్తకాలను. ‘సో లుకింగ్ ఫార్వర్డ్’ లాంటి నోటిమాట అందులో అరుదుగా కనిపించినంత మాత్రాన జనం అనరని కాదు. నోటిమాటల కోసం వేరే చోట చూడాలి. 1990ల మొదట్లో బ్రిటన్‌లో కూర్చిన బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే భాషా సంకలనంలో పది కోట్ల పదాలున్నాయి, అందులో పదో వంతు నోటితో మాట్లాడినవే. లాంకాస్టర్ యూనివర్సిటీ, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ కలిసి 2012 నుంచి 2016 దాకా మామూలు మనుషుల కబుర్లు రికార్డు చేయించి, కోటి పైచిలుకు పదాలతో మరో సంకలనం తయారుచేశాయి. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు పుస్తకాల లెక్క చూసుకోవాలి. లండన్‌లో ఉన్న స్నేహితురాలికి వాట్సాప్‌లో రాసేటప్పుడు కబుర్ల లెక్క పనికొస్తుంది, అక్కడ ‘సో లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ అని నిశ్చింతగా పెట్టొచ్చు.